లూగోల్స్ అయోడిన్ కోరల్ డిప్: నల్లగొండ ఎండల్ల వాడి చూసినోడి రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తున్న, 5కి 4. చదివే ఓపిక లేనోళ్లకి ఒక్క ముక్కల చెప్పాలంటే, ఉప్పునీళ్ల తొట్టిల పెంచే సాఫ్ట్ కోరల్‌కి (గట్టి ఎముక లేని మెత్తటి పగడపు జీవికి) దెబ్బ తగిలినా, ఫ్రాగ్ (పెంచుకునేటందుకు తీసే ముక్క) కోసినా, ఒక పక్క కుళ్లు పట్టినా ఇంత తక్కువ పైసలకి ఇంత పనిచేసే డిప్, అంటే కోరల్ని కొద్దిసేపు ముంచి తీసే మందు నీళ్లు, ఇంకోటి నేను చూడలే. కానీ ట్యాంకుల నీళ్లే ఖరాబ్ ఉంటే ఈ సీసా ఏం చెయ్యలేదు, ఆ ముచ్చట కూడ కింద రాసిన, ఎందుకంటే మన దిక్కు సగం కేసులు గవ్వే.

ప్రోడక్ట్ అంటే పెద్ద బ్రాండ్ ఏం కాదు. లూగోల్స్ సొల్యూషన్. 5 శాతం అయోడిన్, 10 శాతం పొటాషియం అయోడైడ్, మిగిలింది నీళ్లు, అంతే. 1829ల ఫ్రాన్సుల లూగోల్ అనే డాక్టర్ తయారు చేసిన మందు ఇది, ఇప్పటికీ ల్యాబులల్ల నడుస్తనే ఉన్నది. రీఫ్ ట్యాంకులోళ్లు దీన్ని డిప్ లెక్క వాడుడు కూడ చాన పాత పద్ధతే, కొత్తగ నేను కనిపెట్టింది ఏం లేదు.

నా ట్యాంకుల ఏమున్నయో చెప్తేనే రివ్యూకి అర్థం ఉంటది. అన్నీ సాఫ్ట్ కోరల్సే (సాఫ్టీలు): జోయాంథిడ్స్ (జోయాలు), మష్రూమ్స్, ఒక టోడ్‌స్టూల్ లెదర్, కెన్యా ట్రీ. గట్టి కోరల్ ఒక్కటి లేదు, పెట్టుకోను కూడ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంల రీఫ్ కట్టే కోరల్స్ అన్నీ, అంటే స్క్లెరాక్టీనియా మొత్తం, సీ ఫ్యాన్, బ్లాక్ కోరల్, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్, ఇవన్నీ షెడ్యూల్ 1లనే ఉన్నయి, పులికి ఉన్న షెడ్యూలే. వాట్సాప్‌ల "హ్యామర్ వచ్చింది, టార్చ్ వచ్చింది అన్నా, చుప్‌చాప్ బస్సుకి వేసి పంపిస్తా" అని ఈ గట్టి కోరల్స్ అమ్మేటోళ్లు మస్తుమంది ఉన్నరు, నాకు ఆ టెన్షన్ అక్కర్లేదు. సాఫ్టీలు కూడ తక్కువ అందం ఏం కాదు, రోగాలు కూడ తక్కువ రావు.

రోగం అంటున్నం గాని కోరల్ మూసుకున్నదల్లా రోగం కాదు. ఇది తెల్వకనే జనాలు డిప్ మీద డిప్ ఇచ్చి మంచిగున్న దాన్ని చంపుతరు. టోడ్‌స్టూల్ లెదర్ అప్పుడప్పుడు పోలిప్స్ (పైనున్న చిన్న చిన్న పూల లాంటి నోళ్లు) మొత్తం లోపలికి గుంజుకొని, పైన మైనం లెక్క మెరిసే పొర కట్టుకొని, కొన్ని రోజులు ముడుచుకొని కూసుంటది, ఆ పొర ఊడిపోయినంక మళ్ల మంచిగ తెరుచుకుంటది, అది దాని అలవాటు, దానికి మందు వద్దు, కొంచెం ఫ్లో (నీళ్ల పారకం) పెంచితే చాలు. రంగు వెలిసి తెల్లగైతే అది బ్లీచింగ్, అంటే లోపల బతికే ఆల్గే (సన్నటి నాచు) బయటికి పోయింది, కండ మాత్రం ఇంకా ఉంటది, లైటు తగ్గించి వేడి తగ్గిస్తే తిరుక్కునే చాన్స్ ఉన్నది. కండనే కరిగి జారిపోతుంటే, నల్లగనో గోధుమ రంగులనో మచ్చ పడి వాసన కొడుతుంటే అప్పుడు అసలు పని మొదలు. హార్డ్ కోరల్స్‌ల అయితే ఆర్‌టీఎన్ (రాపిడ్ టిష్యూ నెక్రోసిస్) అంటరు, చూస్తుండంగనే కండ ఊడిపోయి తెల్ల ఎముక మిగులుతది, బ్రౌన్ జెల్లీ అయితే గోధుమ రంగు జిగట పట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతది, ఆ జిగటల సిలియేట్స్ అనే సూక్ష్మజీవులు గుంపులు గుంపులు ఉంటయి. అవి రెండూ మన సాఫ్టీల జోలికి పెద్దగ రావు.

నాకు ఈ సీసా విలువ తెలిసింది లెదర్ తోనే. కాడ అడుగున, రాయికి అంటుకున్న తావుల, రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. పైన టోపీ లాంటి భాగం అంతా మంచిగనే ఉంది, పోలిప్స్ కూడ సగం బయటికి వచ్చినయి, కాబట్టి ఊకె చూస్తే కనపడదు. రాయితో సహా బయటికి తీస్తే కుళ్లిన గుడ్డు వాసన. వేలితో ఒత్తితే ఆ భాగం మెత్తగ లోపలికి పోయింది, పక్కన ఉన్న కండ మాత్రం రబ్బరు గట్టిగ ఉంది. కొత్త షేవింగ్ బ్లేడు తీసుకొని కుళ్లు మొత్తం, దానికి ఆనుకొని ఉన్న మంచి కండ కూడ కొంచెం కలిపి కోసేసిన. కోసిన తావుల మీగడ రంగుల శుభ్రమైన కండ కనపడే దాకా కొయ్యాలె, మధ్యల ఒక్క నల్ల గీత మిగిలినా మళ్ల అక్కడ్నుంచే షురూ అయితది. జాలి చూపిస్తే పోతది.

తర్వాత ట్యాంకు నీళ్లే ఒక లీటరు గిన్నెల తీసుకొని 8 చుక్కలు ఏసిన. లీటరు ఉప్పునీళ్లకి 5 నుంచి 10 చుక్కలు, 10 నుంచి 20 నిమిషాలు, ఇది హాబీల ఎప్పట్నుంచో నడుస్తున్న లెక్క, నేను పది నిమిషాల దగ్గర్నే ఆపుత. నీళ్లు లైట్ చాయ్ రంగు వస్తయి. సూది తీసేసిన పెద్ద సిరంజితోని కోసిన జాగ మీద ఆ నీళ్లే మెల్లగ కొడుతూ ఉండాలె. అప్పుడు మజా చూడాలె, రాయి సందుల్ల దాక్కున్న బ్రిసిల్ వర్మ్‌లు, చిన్న చిన్న బ్రిటిల్ స్టార్‌లు ఒక్కొక్కటే బయటికొచ్చి గిన్నె అడుగున పడ్డయి. కోరల్ ముడుచుకొని జిగట వదులుతది, నీళ్ల రంగు కూడ కొంచెం కొంచెం తగ్గుకుంట వస్తది, ఎందుకంటే ఆ జిగట మీదనే అయోడిన్ ఖర్చయిపోతది. కాబట్టి ఒకసారి వాడిన గిన్నెల రెండో కోరల్ ముంచకండి, కొత్త నీళ్లు కలపండి. పది నిమిషాలైనంక ఇంకో గిన్నెల ఉత్త ట్యాంకు నీళ్లల్ల కడిగి, నెట్ గుడ్డతోని కొత్త రాయికి వదులుగ కట్టి, ఫ్లో మంచిగ తగిలే తావుల పెట్టిన. డిప్ నీళ్లు మాత్రం ట్యాంకుల పొయ్యద్దు, సింకుల పారబొయ్యాలె. లెదర్ కోసినప్పుడు అది విషపు పదార్థాలు వదులుతది, పక్క కోరల్స్ అలిగి మూసుకుంటయి, కాబట్టి కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టుడు మర్చిపోవద్దు. వారం పది రోజులకి కోసిన చోటు నున్నగ మూసుకుంది, మళ్ల వాసన లేదు, మచ్చ లేదు.

ఇప్పుడు కొనే ముచ్చట, ఇక్కడనే చానమంది దెబ్బ తింటరు. అక్వేరియం షాపులల్ల అడిగితే ఉండదు, డయాగ్నస్టిక్ ల్యాబులకి కెమికల్స్ అమ్మే షాపుల అడగాలె. నేను క్లాక్ టవర్ దగ్గర ఒక షాపుల అడిగితే ఆయన సీసా తీసి కౌంటర్ మీద పెట్టి "గ్రామ్స్ అయోడిన్ ఉన్నది తీస్కో తమ్మి, అన్నీ ఒకటే" అన్నడు. "ఒకటే కాదన్నా, నాకు లూగోల్స్ కావాలె, 5 పర్సెంట్‌ది" అంటే "మీకు ఏ ల్యాబు?" అని అడిగిండు. చేపల తొట్టికి అంటే నవ్వి, "చేపలకి థైరాయిడ్ వచ్చిందా" అని రెండు రోజుల్ల తెప్పిచ్చి ఇచ్చిండు, మంచోడే. గ్రామ్స్ అయోడిన్‌ల (ల్యాబుల బ్యాక్టీరియాకి రంగు పట్టించేటప్పుడు వాడేది) ఉండేది 0.33 శాతం అయోడిన్, లూగోల్స్‌ల 5 శాతం. అంటే దగ్గర దగ్గర 15 రెట్లు తేడా. గ్రామ్స్ తెచ్చుకొని అవే చుక్కలు ఏస్తే మీరు కోరల్‌కి ఉత్త స్నానం పోసినట్టే. ఆన్‌లైన్‌ల కూడ 1 శాతం, 2 శాతం సీసాలు అమ్ముతున్నరు, లేబుల్ మీద శాతం రాయనిది అస్సలు కొనకండి.

మెడికల్ షాపుల దొరికే పోవిడోన్ అయోడిన్ కూడ కొంతమంది వాడుతరు, అది వేరే మందు, దాని లెక్క వేరే. అందులో స్క్రబ్ అని ఒకటి వస్తది, సర్జన్‌లు చేతులు కడుక్కునేది, దాంట్ల నురుగొచ్చే డిటర్జెంట్ ఉంటది, అది కోరల్ మీద పడిందంటే ఖతం. నేనైతే ఏమేముందో మూడు మాటలల్ల చెప్పగలిగే మందే వాడుత.

ఇంకో సంగతి, ఇది అంటితే చేతులు, గచ్చు, బనీను అన్నీ గోధుమ రంగు. ఇంట్ల తిట్లు పడకుండ ఉండాలంటే విటమిన్ సీ గోలీ ఒకటి నూరి నీళ్లల్ల కలిపి రుద్దండి, మరక కండ్ల ముందలనే మాయమైతది. అది మంత్రం కాదు, ఆస్కార్బిక్ యాసిడ్ అయోడిన్‌ని రంగు లేని అయోడైడ్‌గ మారుస్తది.

ఒక స్టార్ కట్ ఎందుకంటే, పురుగుల మీద ఇది దాదాపు వేస్ట్. జోయాలని తినే, గుల్ల లేని సముద్రపు నత్తలు నూడిబ్రాంక్‌లు, సన్‌డయల్ నత్తలు ఉంటయి, కొన్ని ఊడి పడతయి, కొన్ని పడవు, గుడ్లకి అయితే ఏం కాదు. గుడ్ల సంగతికొస్తే ఏ డిప్ అయినా అంతే, కంపెనీ డిప్పులు కోరల్ ఆర్‌ఎక్స్ అయినా రివైవ్ అయినా గుడ్లని చంపదు, పాత ప్లగ్ (కోరల్ అంటించిన బిళ్ల) పీకి పారేసి, భూతద్దంతోని చూసి గీకి, మళ్ల కొన్ని రోజులకి ఇంకోసారి డిప్ ఇచ్చుడే మార్గం. పురుగులకి ఆ రెండు డిప్‌లే నయం, నేను ఒప్పుకుంట, కానీ రేటు ఎక్కువ.

ఈ పురుగుల ముచ్చట మాట్లాడుతుంటే మా బావ, పత్తి రైతు, మునుగోడు దిక్కు, "పురుగే కద బావా, కాన్ఫిడార్ ఇంట్లనే ఉన్నది, ఒక మూత పొయ్యరాదు" అన్నడు. నవ్వులాట కాదు, అమెరికాల రీఫోళ్లు నిజంగనే బేయర్ పేరుతోని వచ్చిన తోట పురుగు మందుతోని డిప్ ఇస్తరు, అందులో కూడ ఇమిడాక్లోప్రిడే ఉంటది. కానీ అక్కడి సీసాల అది 0.72 శాతం, ఇక్కడ పత్తికి కొట్టే కాన్ఫిడార్‌ల 17.8 శాతం. ఇరవై అయిదు రెట్లు దాదాపు. వీడియోల చూసిన మోతాదు ఇక్కడి సీసాతోని పోసిర్రనుకోండి, ఒక్క చుక్క ట్యాంకుల పడ్డా రొయ్యలు, హెర్మిట్ పీతలు, కోపీపాడ్‌లు అన్నీ బొక్కబోర్ల. మన జిల్లాల ప్రతి ఇంట్ల ఈ డబ్బా ఉంటది కాబట్టి గట్టిగ చెప్తున్న, వద్దు.

జోయా పాక్స్ మీద కూడ అయోడిన్‌కి నా మార్కులు తక్కువనే. కాడల మీద పసుపు తెలుపు రంగుల చిన్న చిన్న పొక్కులు వస్తయి, పోలిప్స్ మూసుకుంటయి, తర్వాత కరుగుతయి. హైదరాబాద్‌ల ఒక షాపు, పేరు వద్దులే, నాకు పంపిన ఫ్రాగ్ మీద ఈ పొక్కులు వచ్చినయి, ఫోటో పెడితే "బస్సుల కుదిపిందన్నా, సెట్ అయితది" అన్నరు. కుదిపితే పొక్కులు రావు. వేరే డబ్బాల పెట్టి డిప్ ఇస్తే కొన్ని నిలబడ్డయి, కొన్ని పోయినయి. బయటి దేశాలల్ల దీనికి నైట్రోఫ్యూరాన్ మందులు వాడుతరు, మన దగ్గర రొయ్యల చెరువుల్లనే అవి నిషేధం, నేను వాటి జోలికి పోలే.

యాంటీబయాటిక్స్ గురించి ఇన్‌బాక్సుల రోజూ ఎవరో ఒకరు అడుగుతరు, సిప్రో గోలీ నూరి ట్యాంకుల ఎయ్యొచ్చా అని. ట్యాంకుల మాత్రం ఎయ్యకండి, రాళ్లల్ల అమ్మోనియాని తినే మంచి బ్యాక్టీరియా కూడ సావొచ్చు, అట్లయితే రోగం లేని కోరల్ కూడ పోతది. 2014ల ఫ్లోరిడాల మయామీ దగ్గర సముద్రంల గట్టి కోరల్స్‌కి టిష్యూ లాస్ డిసీజ్ అని పెద్ద రోగం మొదలైంది, ఇరవైకి పైగ రకాలకి పట్టింది. అక్కడ డైవర్‌లు అమాక్సిసిలిన్‌ని పేస్ట్ లెక్క కలిపి, రోగం ఎక్కడి దాకా పాకిందో ఆ గీత మీద మాత్రమే చేత్తోని పూసిర్రు. అంత పెద్ద సముద్రంలనే మందుని రోగం ఉన్న కాడికి తీస్కపోయిర్రు గాని నీళ్లల్ల కలపలే. అదే బుద్ధి మన తొట్టికి కూడ.

జోయాలు ముట్టుకునేటోళ్లకి ఒక మాట, దీన్ని మాత్రం లైట్ తీసుకోవద్దు. జోయాలు, ముఖ్యంగ పాలిథోవా అనే వాటి చుట్టపు రకంల పాలిటాక్సిన్ అనే విషం ఉంటది, ప్రాణం తీసేటంత. కోసేటప్పుడు గ్లౌజులు, కండ్లద్దాలు తప్పనిసరి, చేతికి గీత ఉంటే ఆ రోజు ఆ పని బంద్. వేడి నీళ్లు పొయ్యొద్దు, పాలిథోవా పట్టిన రాయిని ఉడకబెట్టొద్దు, అట్ల ఉడకబెట్టిన ఆవిరి పీల్చి ఇంటిల్లిపాది ఆస్పత్రి పాలైన కేసులు ఉన్నయి. డిప్ గిన్నె వంటింటి గిన్నె కావొద్దు. పిల్లలని దూరం పెట్టండి.

ఇగ నీళ్లు. నల్లగొండ అనంగనే అందరూ "ఫ్లోరైడ్ వల్ల కోరల్ సస్తుంది" అంటరు. సముద్రం నీళ్లల్లనే లీటరుకి 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటది, మన తాగునీళ్లల్ల గరిష్ఠంగ ఒప్పుకునేది 1.5. ఒట్టి ఫ్లోరైడ్‌ని చూసి భయపడుడు కంటే బోరు నీళ్లల్ల ఉండే నైట్రేట్, సిలికేట్, కాఠిన్యం చూసి భయపడుడు నయం. భగీరథ నల్లా నీళ్లు బోరు కంటే మేలే గాని క్లోరిన్ ఉంటది. ఇంట్ల ఆర్‌ఓ ఉంది కద అనుకుంటరు, దాంట్ల రుచికోసం మినరల్ కాట్రిజ్, టీడీఎస్ అడ్జస్టర్ ఉంటయి, వడకట్టిన నీళ్లల్ల మళ్ల కలుపుతది. మినరల్ వాటర్ క్యాన్ కూడ అంతే, మీటర్ పెట్టి చూడండి, జీరో రాదు. ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలని కూడ పట్టేసే ఫిల్టర్) పెట్టుకొని సున్నా వచ్చినంకనే ఉప్పు కలపాలె, 35 పీపీటీ (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు), అంటే స్పెసిఫిక్ గ్రావిటీ 1.026. ఎండాకాలం రోజూ నీళ్లు ఆవిరైతయి, తగ్గిన కాడికి ఉప్పు కలపని ఆ సున్నా నీళ్లే పొయ్యాలె, ఉప్పు నీళ్లు పోస్తే ఉప్పు పెరుగుకుంట పోతది, ఆ తర్వాత "కోరల్‌కి ఏదో రోగం వచ్చిందన్నా" అని ఫోటో పెడతరు.

వేడి ఇంకా పెద్ద కథ. బయట 45 ఉండి కరెంటు పోయిందంటే ట్యాంకు 30 దాటుడు ఎంతసేపు. పొసిల్లోపోరా డామికార్నిస్ అనే కోరల్ మీద చేసిన పరిశోధనల్ల విబ్రియో కొరల్లీలిటికస్ అనే బ్యాక్టీరియా 27 డిగ్రీలు దాటితే కండని కరిగించేటంత దుష్టగ మారుతదని తేలింది. నా సాఫ్టీలకి అదే పడుతదని నేను అంటలే, కానీ వేడికి ఆక్సిజన్ తగ్గుతది, బ్యాక్టీరియా పెరుగుతది, కోరల్ బలహీనమైతది, మూడూ ఒకేసారి. నా లెదర్‌కి కుళ్లు వచ్చింది కూడ మే నెలలనే. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మిషన్) కొనే స్తోమత లేకపోతే నీళ్ల మీద గాలి పడేటట్టు రెండు ఫ్యాన్‌లు పెట్టండి, మన దిక్కు గాలి పొడిగ ఉంటది కాబట్టి సముద్రం ఒడ్డున ఊర్ల కంటే ఇక్కడ ఫ్యాన్ పని బాగ చేస్తది. పంపుకీ ఫ్యాన్‌కీ ఇన్వర్టర్ లైన్ ఇచ్చుకోండి. ఈ డబ్బులు ముందు, అయోడిన్ తర్వాత.

కొంతమంది లూగోల్స్‌ని రోజూ ట్యాంకులనే చుక్కలు ఏస్తరు, రంగులొస్తయని. సముద్రంల అయోడిన్ ఉండేదే లీటరుకి 0.06 మిల్లీగ్రాముల దగ్గర, ఇంట్ల అంత తక్కువని సరిగ్గ కొలుచుడు కష్టం, కొలవనిది పోసుడు నాకు నచ్చదు. జీనియా అనే సాఫ్ట్ కోరల్ లాంటి నాజూకు వాటికి డిప్ అయినా సగం మోతాదుతోనే మొదలుపెట్టండి.

దాచుకునే పద్ధతి, గోధుమ రంగు గాజు సీసాల్నే ఉంచాలె, ప్లాస్టిక్‌ల పోస్తే అయోడిన్ దాంట్లకి గుంజుకపోతది, రబ్బరు మూతని కూడ తింటది. మూత వదులుగ ఉంటే మన ఎండలకి ఆవిరైపోతది, ఎనిమిది చుక్కలు ఏసినా నీళ్లు చాయ్ రంగు రాక పలచగ నిమ్మరసం రంగుల ఆగిపోతే ఆ సీసా పని అయిపోయినట్టే లెక్క. బీరువాల, మందుల డబ్బాకి దూరంగ పెట్టండి, పెద్దోళ్లు దగ్గు మందు అనుకునే రంగే అది. 100 ఎంఎల్ కంటే పెద్దది కొనకండి, ఒక ఇంటి ట్యాంకుకి అది ఎక్కువనే, తయారైన తేదీ లేబుల్ మీద లేకపోతే వాపస్ ఇచ్చేయండి.